ముందు గదిలో ఆరిన టీ

పారిస్ నుంచి వచ్చిన ఆవిడ పేరు బిక్. మా చాప మీద కూర్చుని, అత్తయ్య ఇచ్చిన మామూలు టీ ఒక్క గుక్క తాగి, కప్పు కింద పెట్టేసింది.

"మా నాన్నకి ఎనభై నాలుగేళ్ళు. అన్నం మానేశాడు. ఏం కావాలి నాన్నా అంటే, హనోయ్‌లో మీ నాన్నగారి దుకాణం తామర టీ కావాలంటున్నాడు. ఇంకేమీ అడగడం లేదు," అంది.

"ఆ దుకాణం ఇప్పుడు లేదుగా," అన్నాను నేను.

అత్తయ్య నా వైపు ఒక చూపు చూసింది.

"ఎంత కావాలమ్మా?" అంది అత్తయ్య.

"అరకిలో చాలు."

అది ఎనభై రెండు జూన్. నా మొగుడు లామ్ ఉత్తర సరిహద్దులో సైన్యంలో ఉన్నాడు. మే నెలలో మందుపాతర ముక్క పాదంలో దిగింది. సైనిక ఆసుపత్రి డాక్టరు ఉత్తరం రాశాడు: పాదానికి చీము పట్టింది, దానికి వాడాల్సిన మందు మా దగ్గర లేదు, బయటి దేశం నుంచి ఎలాగైనా తెప్పించుకోగలిగితే తెప్పించుకోండి, జూలై మధ్య దాకా చూస్తాను, ఆ తర్వాత మోకాలి దాకా తీసేయాల్సి వస్తుంది. ఆ ఉత్తరం ఆ పూట కూడా అత్తయ్య రవికె జేబులోనే ఉంది.

అత్తయ్య ఆ కాగితం తీసి బిక్ చేతికిచ్చింది. మందు పేరు చదివి బిక్ తలూపింది.

"మా తమ్ముడు జూలై ఎనిమిదిన దిగుతున్నాడు. ఇవాళే టెలిగ్రాం ఇస్తాను, తెస్తాడు. పదో తారీకున మేమిద్దరం వెళ్ళిపోతాం." కాస్త ఆగి, మొహమాటంగా అంది, "ఒక్క మాట. మా నాన్నకి కళ్ళు కనిపించవు గానీ నాలుక పోలేదు. నేను తాగి చూసి మరీ తీసుకెళ్తాను. ఏమీ అనుకోకండి."

"తాగి చూడకుండా ఎవరు తీసుకెళ్తారు?" అంది అత్తయ్య.

ఆవిడ సందు మలుపు తిరిగేదాకా ఆగి అడిగాను. "అత్తయ్యా, మీకు చెయ్యడం వచ్చా?"

"పంతొమ్మిదేళ్ళు ఆ టీ తాగి పెరిగాను. రాకపోవడమేమిటి?"

నేనడిగింది అది కాదు.

* * *

మా ఇల్లు ఒకప్పుడు మొత్తం అత్తయ్య పుట్టింటివాళ్ళది. ప్రభుత్వం అయిదు వాటాలు చేసి పంచింది. మాకు వెనక గది మిగిలింది. వీధి వైపు ముందు గది, అంటే పాత దుకాణం గది, ఖ్వాత్ అనే ఆయనకి వచ్చింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి, పెళ్ళాం పోయింది, ఒక్కడే. మా సందుకి ఆయనే గ్రూపు లీడరు. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరు ఏం కొన్నారు, ఎవరి పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది అన్నీ ఆయన పుస్తకంలో ఎక్కాల్సిందే. ఇంట్లో సరుకు తయారు చేసి చేతులు మార్చడం అప్పట్లో నేరం. కొండ ప్రాంతం నుంచి టీ ఆకు తేవడమే నేరం. పట్టుబడితే రేషను కార్డు పోతుంది, నా మిల్లు ఉద్యోగం పోతుంది, సరిహద్దులో ఉన్న లామ్ ఫైల్లో ఒక కాగితం చేరుతుంది.

అత్తయ్యా ఆయనా ఒకే కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు గానీ మాట్లాడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నా ముందు ఆయన్ని "లీడరుగారు" అని వెటకారంగా అనేది.

టీ ఆకు నేనే తెచ్చాను, దిండులో కుట్టి, బస్సులో ఆ దిండు మీద తల పెట్టి నిద్ర నటిస్తూ. ఇక పూలు. రోజూ తెల్లవారకముందే పడమటి సరస్సుకి సైకిలు తొక్కేదాన్ని. అక్కడ సాన్ అనే ఆవిడ పడవ మీద వెళ్ళి, అప్పుడే విచ్చుకోబోతున్న పూలు కోసుకొచ్చేది. వాళ్ళ గుడిసెలోనే కూర్చుని రేకులు విప్పి, కేసరాల కొసన తెల్లగా బియ్యపు నూకల్లా ఉంటాయే, వాటిని గోటితో గిల్లాలి. తామర బియ్యం అంటాం. వాసనంతా అందులోనే. వంద పూలు ఒలిస్తే నా టిఫిను గిన్నెలో పైగిన్నె నిండేది. దాని మీద ఒక అట్ట, అట్ట మీద అన్నం. ఎవరాపినా మిల్లు కూలీ మధ్యాహ్నపు తిండి.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య తలుపు బిడాయించి సిద్ధంగా ఉండేది. పింగాణీ జాడీలో ఒక వరస టీ ఆకు, ఒక వరస తామర బియ్యం. మూత పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయాలి. తర్వాత జల్లించి బియ్యం తీసేసి, వేడి నీళ్ళ గిన్నె మీద కాగితం పొట్లాల్లో ఆకుని ఆరబెట్టాలి. మళ్ళీ కొత్త బియ్యం. ఇలా ఏడు సార్లు.

"ఆరోసారికి ఆకు వాసన తాగడం మానేస్తుందట. ఏడోసారి పట్టిస్తేనే నిలుస్తుందని మా నాన్న అనేవాడు," అంది అత్తయ్య. ఆ "అట" నాకు నచ్చలేదు.

జాడీ మూత ఉన్నంతసేపూ ఫరవాలేదు. ఆరబెట్టేటప్పుడే చిక్కు. వేడి తగలగానే గదిలో తామరలు విచ్చినంత పని అయ్యేది. తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కేవాళ్ళం. అయినా వాసనకి తాళం వేయగలమా? పది నిమిషాలు కాగానే అత్తయ్య కంగారుగా, "చాలు చాలు, తీసెయ్," అనేది.

రెండోసారి ఆరబెట్టే రోజున నాకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. మాది నామ్‌దిన్ వైపు సముద్రపు ఊరు. మా అమ్మమ్మ దగ్గర్నుంచి అందరూ చేపలు ఉప్పులో ఊరబెట్టి ఊట తీసేవాళ్ళే. ఉప్పులో ఊరిన రొయ్య ముద్ద ఒక గిన్నెడు తీసుకెళ్ళి, మా గదికీ ముందు గదికీ మధ్య వాకిట్లో బొగ్గుల పొయ్యి మీద పెట్టి వేయించాను. ఆ వాసన ముందు తామర కాదు కదా, ఊరంతా తగలబడినా తెలియదు.

అత్తయ్య తలుపు తీసుకుని వచ్చి, గిన్నెని పొయ్యి మీద నుంచి చేత్తోనే లాగి పారబోసింది. వేళ్ళు కాలాయి.

"ఏమే, బుద్ధుందా నీకు? టీ ఆకు గదిలో ఉన్న ప్రతి వాసననీ తినేస్తుంది! పారిస్‌లో ముసలాయన రొయ్యల కంపు తాగాలా?"

"మరి లీడరుగారు పసిగడితే?"

"అందుకని నా టీకి మీ ఊరి కంపు పట్టిస్తావా? చేపల తొట్లలో పెరిగిన ముక్కు, నీకేం తెలుస్తుంది సువాసన?"

నేనేదో అనబోయాను. అంతలో ఖ్వాత్ బాబాయ్ బకెట్టుతో కుళాయి దగ్గరికి వచ్చాడు. నేల మీద రొయ్య ముద్ద, అత్తయ్య ఎర్రబడిన వేళ్ళు, వెనక మూసీ మూయని మా తలుపు, అన్నీ వరసగా చూశాడు.

"ఏం వండుతున్నారమ్మాయ్, ఇంత పొద్దున్నే?"

"రొయ్య ముద్ద బాబాయ్. మాడిపోయింది."

"ఊఁ," అన్నాడు. బకెట్టు నిండేదాకా అక్కడే నిలబడ్డాడు. ముక్కుతో ఒకసారి గాలి పీల్చాడు, నాకు బాగా గుర్తు. బకెట్టు నిండగానే ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు మొదలు అత్తయ్య ఆరబెట్టడం ఇంకా తగ్గించేసింది.

* * *

మూడోసారి అయ్యాక రుచి చూశాం. వాన నీళ్ళు కాచి, గోరంత కప్పులు రెండు వేడి చేసి, చిటికెడు ఆకు వేసింది అత్తయ్య. తాగడం ఎలాగో కూడా చెప్పింది. ముందు ముక్కు దగ్గర పెట్టుకో. గుక్క తీసుకుని నాలుక కింద ఆపు. మింగాక నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదులు. అప్పుడు వచ్చేదే అసలు వాసన.

ముక్కు దగ్గర పెట్టుకుంటే చెరువు ఒడ్డున నిలబడినట్టే ఉంది. మింగి ఊపిరి వదిలాను.

"పులుపు," అన్నాను.

"నీకు అన్నిట్లోనూ పులుపే."

"చివర్న ఉంది అత్తయ్యా. మా ఊళ్ళో తొట్టి లోపల్లోపల చెడుతున్నప్పుడు మొదట ఇదే వస్తుంది."

అత్తయ్య ఇంకో గుక్క తాగింది. కళ్ళు మూసుకుని ముక్కుతో ఊపిరి వదిలింది. చివరికి కప్పులోది నేల మీద పారబోసింది.

"ఎందుకు వస్తోంది?" అన్నాను.

అత్తయ్య జాడీ మూత తీసి లోపలికి చూసింది.

"అత్తయ్యా, ఎక్కడ తప్పు చేశాం?"

"నాకు తెలీదు." ఆ గొంతు నేనెప్పుడూ విననిది. "ఆడపిల్లల్ని ఆ గదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. తాగడం తెలుసు. మంచిదో కాదో తెలుసు. చెయ్యడం పనివాళ్ళు చేసేవాళ్ళు."

"ఆ పనివాళ్ళు ఎవరైనా మిగిలారా?"

అత్తయ్య తల తిప్పి, మూసి ఉన్న తలుపు వైపు చూసింది. ఆ తలుపు అవతల వాకిలి. వాకిలి అవతల ముందు గది.

"ఒక్కడు ఉన్నాడు," అంది.

ఖ్వాత్ బాబాయ్‌కి ఆ గది ఎందుకు వచ్చిందో అప్పుడు తెలిసింది నాకు. దుకాణాల్లో పనిచేసినవాళ్ళకే ఆ ఇళ్ళు పంచారట. ఆయన పదమూడో ఏట ఆ గదిలో చేరి ఆరేళ్ళు టీకి వాసన పట్టించాడు. మేము తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి దాక్కుంటున్నది ఆ ముక్కు నుంచి.

"అడుగుదాం," అన్నాను.

"చస్తే అడగను."

"లామ్ కాలు, అత్తయ్యా."

"అడిగితే ఏమవుతుందో తెలుసా? పుస్తకం తీసి రాసుకుంటాడు. మా నాన్న వాడిని తన్ని వెళ్ళగొట్టాడు. నలభై ఏళ్ళ నుంచి ఈ రోజు కోసమే చూస్తున్నాడేమో!"

ఆ వారమే లామ్ ఉత్తరం వచ్చింది. అక్షరాలు పక్కకి ఒరిగిపోయాయి. జ్వరం తగ్గడం లేదని రాయలేదు, కానీ ఉత్తరంలో ఒకే వాక్యం రెండుసార్లు రాశాడు. అది చదివాక ఇక ఆగలేదు నేను. మర్నాడు మధ్యాహ్నం అత్తయ్య రేషను వరసలో నిలబడ్డ సమయం చూసి, ఒక కప్పు టీ కాచి, పైన సాసరు మూసి, వాకిలి దాటి వెళ్ళాను. పదిహేను అడుగులుంటాయేమో. వాకిట్లో బట్టలు ఆరేస్తున్న థిన్ అక్క, మా పక్క వాటా ఆవిడ, కప్పు వైపు చూసింది.

ఖ్వాత్ బాబాయ్ సైకిలు గొలుసుకి నూనె పెడుతున్నాడు. నేను కప్పు ఆయన ముందు పెట్టాను. చేతులు తుడుచుకోకుండానే సాసరు తీశాడు. ముక్కు దగ్గరికి కూడా తీసుకోలేదు.

"మూడు సార్లు పట్టించారు. రెండోసారి వాన పడ్డ రోజు పూలు," అన్నాడు.

సాసరు నేను అందుకున్నాను.

ఒక గుక్క తాగాడు. ఊపిరి వదిలాడు. కప్పు దూరంగా జరిపాడు.

"భయంతో చేశారు దీన్ని. ఆరబెట్టలేదు. ఆరబెడితే నాకు వాసన వస్తుందని గబగబా తీసేశారు, తడి ఆకులోనే ఉండిపోయింది. ఇంకో రెండు సార్లు ఇలాగే పట్టిస్తే బూజు పడుతుంది." నవ్వలేదు. "మొదటి రోజు నుంచీ తెలుసు అమ్మాయ్ నాకు. రొయ్య ముద్ద వేయించావు చూడు, ఆ రోజు మాత్రం నవ్వొచ్చింది."

"మరి రాసుకోలేదేం?"

ఎవరి కోసం అని అడిగాడు. బిక్ గురించి, మందు గురించి, డాక్టరు రాసిన గడువు గురించి అన్నీ చెప్పాను.

"లామ్‌కి సైకిలు నేర్పింది నేనే," అన్నాడు. కాసేపు గొలుసు తిప్పుతూ కూర్చున్నాడు. "మీ అత్తగారు పంపించిందా నిన్ను?"

"లేదు."

"అదీ. ఆవిడ రాదు." లేచి నిలబడ్డాడు. "నన్ను ఈ గదిలోంచి ఎందుకు వెళ్ళగొట్టారో చెప్పిందా? టీ డబ్బా ఒకటి పోయింది. నేను తీశానన్నారు. నడి వీధిలో చొక్కా విప్పించి వెతికారు. నేను తీయలేదు. మీ గోడకి ఆవిడ పదహారేళ్ళప్పటి ఫోటో ఉంది చూడు. స్టూడియో ఫోటో. ఆ ఫోటోకి ఏం ఇచ్చిందో అడుగు."

"బాబాయ్..."

"నన్నేం అడక్కు. వెళ్ళు."

ఇంటికొచ్చి గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. ఫోటోలో అత్తయ్య తెల్లటి పొడుగు చొక్కాలో, చేతిలో విసనకర్రతో కూర్చుని ఉంది. రేషను బియ్యంతో వచ్చిన అత్తయ్య నేను చూస్తున్నది ఏమిటో చూసింది. వాకిలి అవతల తెరిచి ఉన్న ముందు గదిని చూసింది. బియ్యం సంచీ దించి, చేట తీసుకుని, రాళ్ళు ఏరడానికి కూర్చుంది.

మర్నాడు చీకటితో లేచి సైకిలు బయటికి తీస్తున్నాను. ఖ్వాత్ బాబాయ్ గుమ్మంలో పళ్ళు తోముకుంటున్నాడు. సన్నగా చినుకులు.

"ఇవాళ వెళ్ళకు. వానలో పూలు తేకు," అన్నాడు. నోట్లో నీళ్ళు ఉమ్మి, "జాడీ తీసుకుని రా ఇటు," అన్నాడు.

* * *

పాత దుకాణంలో టీ ఆరబెట్టే ఇటుకల పొయ్యి ఆయన గదిలో ఒక మూల ఇంకా ఉంది. దాని మీద నుంచి ట్రంకు పెట్టె దించి, బూడిద కప్పిన బొగ్గుల సెగ మీద వెదురు జల్లెడ పెట్టి, ఆకు పరిచాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. తలుపు మూయలేదు. మూస్తే ఆవిరి తిరిగి ఆకులోకే పోతుందన్నాడు.

"వీధిలోకి వాసన పోతుంది బాబాయ్!"

"పోనీ. నా గది."

ఆ సెగ మీద వేలు ఎంతసేపు పెట్టగలిగితే అది సరైన వేడో, ఆకు చేతిలో నలిపితే ఏ చప్పుడు రావాలో నాకు చూపించాడు. తామర బియ్యంలో పసుపు పోగు ఒక్కటి కనిపించినా తీసి నా మొహం ముందు పెట్టేవాడు. "ఏమిటిది? గడ్డి కాస్తున్నామా?" మొదటి మూడు సార్లలో ఒకటి చెడినట్టే లెక్క కాబట్టి ఏడు కాదు, ఎనిమిది సార్లు పట్టించాలన్నాడు. రోజులు ఒకటీ ఒకటీ కలిపి చూసుకుంటే జూలై ఏడుకి సరిగ్గా సరిపోతుంది. ఇంకొక్క రోజు వాన పడితే సరిపోదు.

అత్తయ్య ఆ గదిలోకి రాలేదు. రుచి మాత్రం ఆవిడే చూసేది. నేను కప్పు అటు తీసుకెళ్ళేదాన్ని. తాగి, నన్ను చూడకుండా చెప్పేది. "గొంతులో నిలవడం లేదు, చెప్పు." ఇటొచ్చి చెప్తే ఆయన, "ఇంకో రెండు సార్లకి నిలుస్తుంది, చెప్పు," అనేవాడు. ఆరోసారి అత్తయ్య కప్పు మొత్తం తాగేసింది. "పులుపు పోయింది, చెప్పు," అంది. చెప్పాను. ఆయన బొగ్గులు కదుపుతూ, "నీకేమనిపించింది?" అని అడిగాడు.

"చివర్న కాస్త తీపి."

"మీ అత్తగారి కన్నా నీ ముక్కే మంచిది. ఆ మాట చెప్పొద్దులే."

ఆ వారమంతా వీధిలో పోయేవాళ్ళు ఆగి గాలి పీల్చి వెళ్ళేవాళ్ళు. థిన్ అక్క నాలుగుసార్లు ఏదో వంకతో గుమ్మం దాకా వచ్చింది. "లీడరుగారూ, పండగా ఏమిటి?" అంది. "జలుబు చేసింది, ఆవిరి పట్టుకుంటున్నాను," అన్నాడు ఆయన. ఆవిడ నవ్వలేదు. సాయంత్రం ఆవిడ వార్డు ఆఫీసు వైపు నడుచుకుంటూ పోవడం నేను చూశాను. ఆయనకి చెప్తే, "ఇంకెన్ని సార్లున్నాయి?" అన్నాడు. ఒకటి అన్నాను. "అయితే బొగ్గులు తే."

జూలై ఎనిమిది మధ్యాహ్నం బిక్ వచ్చింది. అత్తయ్య తనే నీళ్ళు కాచింది. కప్పుల్లో పొయ్యమని కెటిలు నాకిచ్చింది. బిక్ ఒక గుక్క తాగి, కప్పు రెండు చేతుల్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"ఇంకొంచెం పోస్తారా?" అంది చివరికి. సంచీలోంచి మందు పెట్టె తీసి చాప మీద పెట్టింది.

నేను ఆ సాయంత్రమే బయల్దేరాను. బస్సు, తర్వాత బొగ్గు లారీ, తర్వాత నడక. డాక్టరు పెట్టె విప్పి చూసి, నన్ను కూర్చోమని కూడా అనకుండా వార్డులోకి పరిగెత్తాడు. లామ్ నన్ను గుర్తు పట్టడానికి ఒక రోజు పట్టింది. నాలుగో రోజుకి జ్వరం దిగింది. రెండు వేళ్ళు తీసేశారు, పాదం ఉంచారు. "అమ్మ ఎలా ఉంది?" అన్నాడు. "టీ తాగుతోంది," అన్నాను.

* * *

నేను తిరిగొచ్చిన మర్నాడు ఆదివారం. వార్డు మీటింగు ఉందని ఇంటికొకరు రావాలని కబురు. బడి గదిలో బెంచీలు వేశారు. అత్తయ్యా నేనూ మూడో వరసలో కూర్చున్నాం. ముందు కార్యదర్శి, అరవై మంది జనం.

ఖ్వాత్ బాబాయ్‌ని పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జేబులోంచి కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. వార్డుకి ఫిర్యాదు అందిందని, అది నిజమేనని, గ్రూపు లీడరుగా ఉంటూ తాను నిషేధించిన టీ ఆకు సంపాదించి, సొంతంగా తాగడానికి తన గదిలో వాసన పట్టించానని, పాత రోజుల అలవాటు మానుకోలేకపోయానని, ఇందులో ఇంకెవరికీ సంబంధం లేదని. గొంతు మామూలుగానే ఉంది, రేషను ప్రకటన చదివినట్టు. థిన్ అక్క ఒళ్ళోకి చూసుకుంటోంది.

నేను అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. లేవద్దని. ఇంటికి, లామ్‌కి, నా ఉద్యోగానికి ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆయన చదివేస్తే అయిపోతుంది. అత్తయ్య నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా. ప్రశ్నలు తర్వాత," అన్నాడు కార్యదర్శి.

"ప్రశ్న కాదు. ఆ టీ నాది."

గదిలో విసనకర్రలు ఆగిపోయాయి. ఖ్వాత్ బాబాయ్ కాగితం దించాడు. "కూర్చోండి," అన్నాడు, మెల్లగా.

"ఆకు నాది, పూలు నావి, మందు కోసం ఇచ్చింది నేను. పొయ్యి మాత్రం ఆయనది." అత్తయ్య కార్యదర్శిని చూడటం లేదు. "పాత డబ్బా తీసింది కూడా నేనే."

"ఏ డబ్బా?" అన్నాడు కార్యదర్శి. ఖ్వాత్ బాబాయ్ వైపు తిరిగాడు. "కామ్రేడ్ ఖ్వాత్, ఏ డబ్బా?"

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. జేబులో పెట్టుకోవడానికి రెండు సార్లు ప్రయత్నించాల్సి వచ్చింది.

"అది ఇప్పటి సంగతి కాదండీ," అన్నాడు.

సరిహద్దులో గాయపడ్డ సైనికుడి తల్లి అని కొంత మెత్తబడ్డారు. మా కార్డు మీద మూడు నెలలు పంచదార, కిరసనాయిలు ఆపేశారు. నాకు మిల్లులో హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చారు, ఉద్యోగం ఉంచారు. ఖ్వాత్ బాబాయ్ లీడరు పదవి థిన్ అక్కకి పోయింది. అత్తయ్య నాలుగు శనివారాలు వీధి ఊడవాలన్నారు. లామ్ అక్టోబరులో వచ్చాడు, కాస్త కుంటుతూ, తన కాళ్ళ మీదే.

మొదటి శనివారం పొద్దున అత్తయ్య వార్డు వాళ్ళిచ్చిన పొడుగు చీపురు పట్టుకుని వీధిలోకి దిగింది. తోడు వస్తానంటే వద్దంది. గుమ్మంలో నిలబడి చూశాను. జీవితంలో వీధి ఊడ్చి ఎరగదు. ఆకులు ముందుకి నెడితే సగం వెనక్కే వస్తున్నాయి. ఎదురింటి వాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు. ముందు గది తలుపు తెరుచుకుంది. ఖ్వాత్ బాబాయ్ బనీనుతో బయటికి వచ్చి, చేతులు కట్టుకుని కాసేపు చూశాడు.

"చీపురు అలా కాదు పట్టుకునేది," అన్నాడు.

"నాకు ఎవరూ నేర్పక్కర్లేదు," అంది అత్తయ్య.

"కింది చెయ్యి ఇంకా కిందకి."

"నీ పని చూసుకో."

ఆయన కదల్లేదు. అత్తయ్య రెండు అడుగులు ముందుకి ఊడ్చింది. ఆగింది. ఇటు తిరక్కుండానే, చీపురు మీద కింది చేతిని ఇంకా కిందకి జరిపి పట్టుకుంది.